చెరిపేసిన గళ్ళు

ఈ నాలుగు పేజీలు రాయడానికి నాకు నెల పైనే పట్టింది. రాస్తూ ఉండగా మధ్యలో ఒక మాట తప్పిపోతుంది. అప్పుడు పెన్ను పక్కన పెట్టి కూర్చుంటాను. వస్తే సరే, రాకపోతే మర్నాడు చూసుకుంటాను. ఎవరినీ అడగను. మా ఆయన్ని అసలే అడగను. ఎందుకు అడగనో చెప్పకపోతే నా కడుపులో మంట చల్లారేలా లేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవాళ్ళెవరైనా చదివితే, నాకు జరిగిన ఉపకారం వాళ్ళ రోగికి జరక్కుండా చూసుకుంటారని కూడా ఓ ఆశ.

మాది కిరండూల్. విశాఖపట్నం నుంచి వచ్చే రైలుకి ఇదే ఆఖరి స్టేషను. ఇనపరాయి తవ్వే కొండల కింద ఊరు కాబట్టి కిటికీ గట్ల మీద, ఆరేసిన బట్టల మీద, అన్నం మూతల మీద ఎప్పుడూ ఎర్ర దుమ్మే. శ్రీకాకుళంలో నాగావళి గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని, పెళ్ళయి ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్ళు. మా ఆయన గనుల ప్లాంటులో ఫిట్టరు. నేను స్టేషన్లో టికెట్ కౌంటరు. కౌంటర్లో కూర్చున్నదానికి నోరే ఆస్తి. ఒకరితో హిందీ, ఇక్కడి పల్లెజనంతో వాళ్ళ హల్బీ, మా వైపు వాళ్ళొస్తే మా యాస. ముగ్గురితో మూడు భాషల్లో ఒకేసారి దెబ్బలాడగలిగేదాన్ని. గొప్పకి చెప్పడం లేదు, ఏం పోయిందో తెలియాలని చెబుతున్నాను.

తెలుగు పేపరు ఇక్కడికి రైల్లోనే రావాలి. అందుకని మా ఊళ్ళో నిన్నటి పేపరే ఇవాళ్టి పేపరు. నాకూ, మా వీధి చివర సింహాచలం మాస్టారికీ కలిపి ఒక్కటే తెప్పించుకునేవాళ్ళం. మాస్టారు విజయనగరం వైపు మనిషి, ఇక్కడి బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మా ఇద్దరికీ పేపర్లో కావలసింది వార్తలు కాదు, లోపలి పేజీలో మూల ఉండే పజిలు. ఒక్క పేపరు, ఇద్దరు మనుషులు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక వారం ఆయన ముందు, ఒక వారం నేను ముందు. ముందు చేసేవాళ్ళు మెత్తటి పెన్సిలుతో తగిలీ తగలనట్టు రాయాలి. అయ్యాక జవాబులు నోటుబుక్కులో ఎక్కించుకుని, గళ్ళన్నీ రబ్బరుతో చెరిపి రెండోవాళ్ళకి పంపాలి. మచ్చ మిగలకూడదు. మిగిల్తే రెండోవాళ్ళకి టీ పెట్టాలి. అడవిలో అన్నల బంద్ పిలుపులున్నప్పుడు రైలు దంతెవాడలోనే ఆగిపోయి రెండు రోజుల పేపర్లు కలిసి వచ్చేవి. ఒకదానిలో ప్రశ్నలు, ఇంకోదానిలో వాటి జవాబులు. ఇరవై ఏళ్ళలో మాస్టారు ఒక్కసారి కూడా జవాబులు ముందు చూడలేదు, నేనూ చూడలేదు. మా ఇద్దరి మధ్య మర్యాద అంటే అదే.

ఆ పజిలు తయారుచేసేవాణ్ణి నేను తిట్టుకోని రోజు లేదు. 'సగం కాకి' అని ఇచ్చి ఒక్క గడి పెడతాడు. కా. ఇదో ప్రశ్న, దీనికో జవాబు అని కౌంటర్లో ఒక్కదాన్నే గొణుక్కునేదాన్ని. నెలకి మూడుసార్లయినా గుర్రాన్ని అడుగుతాడు. అశ్వం, హయం, తురగం, ఘోటకం, గళ్ళెన్నో చూసి ఏదో ఒకటి కట్టేసేదాన్ని. కొన్ని రోజులు మాత్రం ఒక్క మాట దొరక్క, మూడు గళ్ళు ఖాళీగా ఉండిపోయి, అన్నం సయించేది కాదు. పప్పు పోపు వేస్తూంటేనో, గూడ్సు వెళ్తుంటే కిటికీ అద్దం గలగలలాడుతుంటేనో హఠాత్తుగా ఆ మాట వచ్చి కూర్చునేది. చెయ్యి తుడుచుకుని పరిగెత్తేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనే తెచ్చుకున్నాను అనే ఆ సంబరం నాకు కొత్త చీర కట్టుకున్నా వచ్చేది కాదు.

పోయిన ఏడాది మార్చి. అడవిలో ఇప్పపూలు రాలే రోజులు. పొద్దున్న బండికి కౌంటరు తెరిచాను. బుట్టలో కోడిని పెట్టుకుని ఒక ముసలాయన జగ్దల్‌పూర్‌కి టికెట్ అడిగాడు. ఒకటా, రెండా అని నేను అడగాలి. నోరు తెరిస్తే 'గొడుగు' అని వచ్చింది. ఏ భాషలో అడగబోయినా గొడుగే వస్తోంది. ఆ ముసలాయన నవ్వలేదు. నా మొహం ఒకసారి చూసి, బుట్ట చంకన పెట్టుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌ని పిలుచుకొచ్చాడు. ఆ హడావుడిలో ఆయన బండి తప్పిపోయింది. నన్ను జీపెక్కించేదాకా కోడిని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చునే ఉన్నాడట. ఆయనెవరో నాకిప్పటికీ తెలియదు.

టౌన్‌షిప్ ఆస్పత్రి నుంచి విశాఖ పంపించారు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. కుడి చెయ్యి కొన్నాళ్ళకి దారికొచ్చింది. మాటలు రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది. గ్లాసు చూస్తే తాగేదని తెలుసు, ఎవరు కొన్నారో, ఎప్పుడు సొట్టపడిందో కూడా తెలుసు. దాని పేరు మాత్రం తెలియదు.

అక్కడ వరండాలో బల్లల మీద వరసగా కూర్చోబెట్టేవాళ్ళు. పొద్దున్న కూర్చుంటే మన పేరు పిలిచేసరికి మధ్యాహ్నం అయ్యేది. పక్కన సోంపేట నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్ళ అత్తకి జబ్బు. నేను మాట్లాడలేనని తెలిసి కూడా రోజంతా నాతో కబుర్లు చెప్పేది, తెచ్చుకున్న ఇడ్లీల్లో నాకు రెండు పెట్టేది. ఒకరోజు నర్సు కాగితం నింపుతూ మీ ఆయన పేరేంటమ్మా అని అడిగింది. నేను నోరు తెరిచి మూశాను. సోంపేటావిడ, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడుతోంది పాపం అంది. బల్ల మీద వాళ్ళంతా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నిజమే, ఇరవై తొమ్మిదేళ్ళలో నేను ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. మా ఇళ్ళల్లో పిలవరు. కానీ ఆ రోజు చెప్పకపోవడం సిగ్గు వల్ల కాదు. ఆ పేరు నా దగ్గర లేదు.

మాటలు నేర్పే అమ్మాయి ఒకామె ఉండేది. చిన్నపిల్లే, కానీ గట్టిది. నాకు ఒక అట్టపెట్టె నిండా బొమ్మల కార్డులు ఇచ్చింది. రోజూ మూడు పూటలా బొమ్మ చూసి పేరు చెప్పాలి. పంపించేసే రోజు మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"సార్, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆమె ఎంతసేపు తడుముకున్నా మీరు అందించకూడదు. ఆ తడుముకోవడమే మందు. ఈ మొదటి నెలలే ముఖ్యం" అని చెప్పింది.

మా ఆయన బుద్ధిగా తలాడించాడు. ఆ తలాడించడం నా కళ్ళతో నేను చూశాను.

మే నెలలో ఇంటికొచ్చాం. మర్నాడే మాస్టారు పేపరు పంపారు, గళ్ళు శుభ్రంగా చెరిపి. నేను సిక్ లీవులో ఉన్నన్నాళ్ళూ ఆయనే ముందు చేసేటట్టు, పేపరు ఇక నా దగ్గరే ఉంచుకునేటట్టు అనుకున్నాం. తీసి చూశాను. గుర్రం, మూడు గళ్ళు. గుర్రం నాకు కనిపిస్తోంది. జూలు కనిపిస్తోంది, తోక కనిపిస్తోంది, డెక్కల చప్పుడు కూడా వినిపిస్తోంది. మాట రాదు. అంతకుముందు నాలుగు మాటలు పోటీపడి వచ్చేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. గంట కూర్చుని పేపరు చింపేశాను. రెండో రోజూ అంతే. వారం గడిచేసరికి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో మా ఆయన్ని నేనెంత ఏడిపించానో నాకు తెలుసు, దాచను. కలిపి తెచ్చిన అన్నం కంచంతో సహా విసిరేశాను. బొమ్మల కార్డులు నేల మీద పారబోస్తే వంగి వంగి ఏరేవాడు. ప్లాంటులో షిఫ్టు చేసి, వచ్చి వండి, అంట్లు తోమి, నా కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. నాతో మాట్లాడాలంటే భయపడేవాడు. నేను బదులు చెప్పలేక ఏడుస్తానని.

జూన్‌లో వానలు పడ్డాయి. ఒక పొద్దుట మా ఆయన పేపరు, పెన్సిలు మంచం మీద పెట్టి, ఊరికే చూడు అన్నాడు. పెన్సిలు గడిలో ఆనించాను. చెయ్యి దానంతటదే కదిలింది. తరవాత చూసుకుంటే 'తురగం' అని ఉంది. ఎలా వచ్చిందో తెలియదు. ఎలా వస్తేనేం, వచ్చింది. ఆ రోజు నాలుగు మాటలు, మర్నాడు ఏడు. ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. జులై సగానికి మొత్తం గళ్ళు నింపుతున్నాను. మర్నాటి పేపర్లో జవాబులు చూసుకుంటే అన్నీ సరిగ్గానే ఉండేవి. మా ఆయన ఆ పేజీ పట్టుకెళ్ళి వీధంతా చూపించాడు. మాస్టారు వచ్చి, బాగుందమ్మా అని, టీ తాగకుండానే వెళ్ళిపోయారు. గళ్ళ మీద రబ్బరు మసక మునుపటికంటే ఎక్కువగా ఉంటోందని నేను గమనించకపోలేదు. పెద్దవారయ్యారు, చెయ్యి వణుకుతోంది కాబోలని జాలిపడ్డాను కూడా.

ఇక నాకు మిడిసిపాటు వచ్చింది. పజిలే నింపుతున్నదాన్ని, పిల్లి, కుక్క, చీపురు అంటూ చిన్నపిల్లలా బొమ్మలు చూడటమేమిటని కార్డుల పెట్టె అటకెక్కించాను. మాట్లాడేటప్పుడు ఇంకా తడబడుతూనే ఉన్నాను. అది నోటి బద్ధకం, మాటలైతే లోపల ఉన్నాయి, గళ్ళే సాక్ష్యం అనుకున్నాను. విశాఖ నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేస్తే, అన్నీ వచ్చేస్తున్నాయని మా ఆయన చేత చెప్పించాను. ఆయన చెప్పాడు. నేనే పట్టుబట్టి ఫిట్ సర్టిఫికెట్ పరీక్షకి అక్టోబరులో పేరు రాయించుకున్నాను. అందులో నెగ్గితేనే మళ్ళీ నా కౌంటరు నాది. కార్డుల పెట్టె అటకెక్కిస్తుంటే నేను పడిపోకుండా స్టూలు పట్టుకున్నది కూడా మా ఆయనే.

సెప్టెంబరు ఆఖరు. దంతేశ్వరి అమ్మవారి డోలీ దసరాకి జగ్దల్‌పూర్ బయల్దేరే రోజులు దగ్గరపడ్డాయని వీధిలో చెప్పుకుంటున్నారు. పేపరు రాగానే ముందురోజు జవాబులు చూసుకుంటున్నాను. అడ్డం ప్రశ్న, 'శ్రీకాకుళం పట్టణం ఈ నది ఒడ్డునే ఉంది', నాలుగు గళ్ళు. జవాబు నాగావళి. నా పేపరు తీసి చూస్తే వంశధార అని ఉంది. నా చేతిరాతే. దాన్ని దాటుకుంటూ దిగే నిలువు మాట కూడా అర్థం పర్థం లేకుండా తయారై ఉంది. అదీ నేను చూసుకోలేదు.

మాట మర్చిపోవడం నాకు కొత్త కాదు. నాగావళి అనే పేరు రాకపోతే ఆ గళ్ళు ఖాళీగా ఉండాలి. నేను ఈత కొట్టిన నీళ్ళవి, మా నాన్న అస్థికలు కలిపింది ఆ నీళ్ళలోనే. నేను చచ్చినా దాన్ని వంశధార అనను. మరి ఆ పేరు నా చేతిలోకి ఎక్కడి నుంచి వచ్చింది?

కొత్త పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. నేనింకా ముట్టుకోని గళ్ళు. వానలు తగ్గి నాలుగు రోజులైంది, గట్టు మీద దుమ్ము చేరింది. దాని మీద చెయ్యి ఆనించి నిలబడి, ఆలోచించుకుంటూ ఆ చేత్తోనే గళ్ళ మీద నిమిరాను. కాగితం ఎర్రబడింది. అక్షరాలున్న చోట మాత్రం దుమ్ము అంటలేదు. ఎర్రటి గళ్ళలో తెల్లగా ఒక్కొక్క అక్షరమే బయటపడింది. అన్ని గళ్ళలోనూ. మాస్టారి గుండ్రటి చేతిరాత. తగిలీ తగలనట్టు రాసే మనిషి గట్టి పెన్సిలుతో, కాగితం దిగబడేటట్టు నొక్కి రాసి, పైపైన చెరిపి పంపారు. ఇన్నాళ్ళూ నా పెన్సిలు ఆ నొక్కుల్లో నడిచింది. నేను తెచ్చుకున్న మాట ఒక్కటీ లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా మాస్టారింటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో కుర్చీలో ఉన్నారు. పేపరు ఆయన ఒళ్ళో పడేశాను. కాసేపటికి నాకు రెండు మాటలు దొరికాయి.

"వంశధార ఎందుకు?" అన్నాను.

"నువ్వెక్కడ పుట్టావో నాకు తెలీదా అమ్మా" అన్నారు మాస్టారు. "అది చూస్తే నీకు తెలిసిపోతుందనే రాశాను. పరీక్షకి పేరిచ్చావని విన్నాక ఇక ఊరుకోలేకపోయాను. మీ ఆయన నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు వరాలమ్మా. ఆవిడ అన్నం తినడం లేదు, రెండు మాటలు దొరికితే తింటుంది అన్నాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాను. ఆ తరవాత నువ్వు నవ్వుతూ ఉంటే ఎలా ఆపాలో తెలియలేదు."

ఇరవై ఏళ్ళు జవాబులు ముందు చూడని మనిషి. ఆయన్ని అనడానికి నా దగ్గర ఒక మంచి తిట్టు ఉండాలి, అదీ దొరకలేదు. తిరిగొచ్చేశాను.

మధ్యాహ్నం మా ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. క్యారేజీ కింద పెట్టకముందే ఆ ఎర్ర గళ్ళు మొహం ముందు పెట్టాను. చూడగానే ఆయనకి తెలిసిపోయింది. నేను అనవలసినవి చాలా ఉన్నాయి. ఆ అమ్మాయి అందించొద్దంటే తలాడించారు, ఫోన్లో అబద్ధం చెప్పారు, స్టూలు పట్టుకున్నారు. లోపల అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పైకి రావడం లేదు. అప్పుడు ఒక్క మాట వచ్చింది.

"సూర్యారావ్" అన్నాను.

ఆస్పత్రి బల్ల మీద దొరకని మాట. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అనని మాట. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"వచ్చీసింది" అన్నాడు. "నా పేరు వచ్చీసింది వరాలూ. ఇంకోపాలి అను."

నేను చంపేద్దామన్నంత కోపంతో పిలిస్తే ఆయన సంబరపడుతున్నాడు. నా కోపం కూడా ఆయనకి బొమ్మల కార్డు అయిపోయింది. ఆ క్షణం ఆయన మీద కలిగినంత అసహ్యం నాకు ఎవరి మీదా కలగలేదు, రాయడానికి సిగ్గుపడటం లేదు.

ఆ తరవాత ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "సచ్చిపోతావని బయమేసింది" అన్నాడు. "అందించీవొద్దని ఆ పిల్ల సెప్పినాది నాకు గుర్తుంది. అన్నం మానేసి గోడకి తిరిగి తొంగుంటే సూస్తా ఎలగ కూకోను?"

"కూర్చోవాలి" అన్నాను.

అంతకంటే పెద్ద వాక్యం నాకు ఆ రోజు రాలేదు. వచ్చినా అదే చెప్పేదాన్ని.

అటక మీంచి కార్డుల పెట్టె నేనే దింపుకున్నాను. అప్పటికి పరీక్షకి మూడు వారాలే ఉన్నాయి. అక్టోబరులో విశాఖ వెళ్ళాం. అదే వరండా, అవే బల్లలు. లోపల డాక్టరుగారు మర్యాదగానే అడిగారు. కిరండూల్ నుంచి జగ్దల్‌పూర్ దాకా స్టేషన్లు వరసగా చెప్పమన్నారు. నిద్రలో లేపి అడిగినా చెప్పే వరస అది. బచేలీ అన్నాను, భాన్సీ అన్నాను. తరవాత స్టేషను నా కళ్ళ ముందు ఉంది. దాని పసుపు బోర్డు ఉంది, బోర్డు కింద పడుకున్న మేకలు ఉన్నాయి. పేరు లేదు. ఆయన చాలాసేపు ఆగారు. అందించలేదు. అందుకు ఆయనకి దండం పెట్టాలనిపించింది. కౌంటరు పనికి సరిపోనని, మాటతో పనిలేని చోట వేయవచ్చని రాశారు.

మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా తడుముకుంటూ నేనే చెప్పాను. ఆమె మా ఆయన వైపు ఒకసారి చూసింది. ఆ నెలలన్నీ కార్డులు చేసి ఉంటే కౌంటరు దక్కేదా అని అడిగాను.

"అది చెప్పలేనమ్మా" అంది. "చేసి ఉండాల్సింది."

మా ఆయన లేచి బయటికెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. నేను వెంటనే వెళ్ళలేదు.

ఇప్పుడు రికార్డు గదిలో పాత రిజిస్టర్లు సర్దుతున్నాను. కౌంటర్లో వేరే పిల్ల కూర్చుంటోంది. మంచిదే, కాని హల్బీ రాదు, జనం కిటికీ దగ్గర తికమకపడుతుంటే లోపల గదిలోంచి వింటూ ఉంటాను. వీధిలో ఆడవాళ్ళందరూ మా ఆయన పక్షమే. అంత ప్రేమ ఏ మొగుడికి ఉంటుందమ్మా అంటారు. ప్రేమ కాదని నేనెప్పుడన్నాను? పోయింది నా కౌంటరు, వాళ్ళది కాదు. మీ ఇంట్లో ఎవరికైనా మాట పడిపోతే, వాళ్ళు కంచం విసిరినా, గోడకి తిరిగి పడుకున్నా, ఖాళీ గళ్ళు ఖాళీగానే ఉండనివ్వండి. మీకు చూడటం కష్టమైతే బయటికెళ్ళి ఏడవండి.

మాస్టారిదీ నాదీ ఇప్పుడు వేర్వేరు పేపర్లు. దారిలో కనిపిస్తే పలకరిస్తారు, పలుకుతాను. నా పేపరు నేనే స్టేషన్లో కట్ట విప్పించి తెచ్చుకుంటాను. పెన్నుతో రాస్తాను, చెరపడానికి వీల్లేకుండా. కొన్ని రోజులు మూడు మాటలు, కొన్ని రోజులు తొమ్మిది. నేను తడుముకుంటుంటే మా ఆయన ఎదురుగా కూర్చుని పెదాలు బిగబట్టుకుంటాడు. ఆయనకి జవాబు తెలిసిన రోజు మొహంలోనే కనిపిస్తుంది. అప్పుడు నేను తల తిప్పేసుకుంటాను.

నిన్న మళ్ళీ గుర్రం వచ్చింది, రెండు గళ్ళు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం అంట్లు తోముతుండగా హయం దొరికింది. చెయ్యి తుడుచుకుని పరిగెత్తాను. నాదే ఆ మాట, ఎవరూ అందించలేదు. అయినా రాసే ముందు ఆ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గట్టు మీద దుమ్ము వేలికి అంటించుకుని, గళ్ళన్నీ నిమిరి చూసుకున్నాను. నా చేతులతో నేను తెచ్చుకున్న పేపరు. అయినా రోజూ చూసుకుంటాను. మా ఆయన అది చూస్తూ కూర్చుంటాడు.